కుప్పమేడు మీద జాలీ పెట్టెలు

మా వీధిలో ప్రతి ఇంటికీ చెత్త పెట్టె దగ్గరలో కావాలి. అయితే అది పక్కింటివాళ్ళ వాకిట్లో ఉండాలి. ఈ రెండు కోరికలూ తీరేటట్టు మ్యాపు మీద చుక్కలు పెట్టమని నన్ను కూర్చోబెట్టారు. ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న ఆడమనిషికి, అందులోనూ కాస్త నోరున్న మనిషికి, ఊరు ఇలాంటి పనులే వెతికి పెడుతుంది.

మాది కోయంబత్తూరు అంచున, పొల్లాచ్చి బస్సులు పోయే రోడ్డుకు లోపలగా ఉన్న పాత తెలుగు ఊరు. ఇప్పుడు ఊరు అనడానికి లేదు, కార్పొరేషన్‌లో ఒక వార్డు. మా పెద్దలు ఎన్ని తరాల కిందట వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు. నల్లరేగడిలో పత్తీ జొన్నా పండించుకుంటూ ఇక్కడే నిలబడిపోయారు. బైపాసు అవతల ఇంకా కొందరికి పొలాలున్నాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. ఒక మాట మొదలైన భాషలోనే ముగుస్తుందన్న నమ్మకం మాకు లేదు. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది యాభై దాటాక, ఫోనులో చూసి. మా వీధిలో ఇది చదవగలిగినవాళ్ళు బహు తక్కువ కాబట్టి కొంచెం ధైర్యంగానే రాస్తున్నాను.

సంగతి ఇది. వంటింటి చెత్త కోసం రోజూ తోపుడుబండి వస్తుంది. దాని గురించి తగాదా లేదు. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు, అట్టపెట్టెలు, పాత కాగితాలు వంటి పొడి చెత్తను మాత్రం ఎవరికి వాళ్ళు తెచ్చి ఒకచోట ఇనప జాలీ పెట్టెల్లో వేయాలి. వారానికొకసారి బ్యాటరీ బండి వచ్చి వాటిని ఖాళీ చేసి షెడ్డుకు తీసుకుపోతుంది. పెట్టెలు ఎక్కడ ఉండాలో, బండి ఏ సందులో దూరి ఏ సందులో తేలాలో వీధివాళ్ళు కూర్చుని తేల్చుకుంటే అలాగే చేస్తామన్నారు కార్పొరేషన్‌వాళ్ళు. పళనికి నడిచిపోయే భక్తులు మా వీధిలో ఆగి నీళ్ళు తాగి, ఆ నీళ్ళ ప్యాకెట్లన్నీ మా కాలవలో వదిలి ముక్తి పొందుతారు. పోయిన ఏడాది వానకు కాలవ పొంగి ఇళ్ళలోకి వచ్చాక అందరికీ బుద్ధి పుట్టింది.

ఈ పనికి మా వార్డుకు వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరమ్మది పొల్లాచ్చి పక్క కొబ్బరితోటల ఊరు. తెలుగు ఒక్క ముక్క రాదు. మంచి మనిషి. గొడుగు వేసుకుని నాతోపాటు ప్రతి సందూ తిరిగింది. చెత్త పెట్టెకు చోటు వెతకడం పెళ్ళికొడుకును వెతకడం కన్నా కష్టమని ఆమెతో తిరిగినప్పుడే తెలిసింది. పెట్టె ముసలివాళ్ళు నడవగలిగినంత దూరంలో ఉండాలి. వాన నీళ్ళు నిలవకూడదు. బండి తిరగడానికి వెడల్పు ఉండాలి. బడి ముందు వద్దు, కోవిల ముందు వద్దు, రేషన్ కొట్టు ముందు క్యూ నిలబడుతుంది కాబట్టి అక్కడా వద్దు. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి మనుషుల గుమ్మాలు. ఒక్కో గుమ్మం ముందు ఆగి అడిగితే, ఒకరికి వాస్తు, ఒకరికి ఉబ్బసం, ఒకరికి త్వరలో రాబోయే కోడలు.

చివరికి ఆమె కన్ను కుప్పమేడు మీద పడింది. వీధి మలుపులో ఉన్న రాతి మిట్ట అది. దాని చుట్టూ బండి హాయిగా తిరగొచ్చు. పైగా కార్పొరేషన్ బోర్డు రాసిన ఆయన ఎవరో ఆ పేరుకు ఒక గుర్తు అదనంగా తగిలించి కుప్పైమేడు అని రాశాడు. తమిళంలో కుప్పై అంటే చెత్త, మేడు అంటే దిబ్బ. చిన్నప్పటి నుంచి ఆ బోర్డే చదువుకున్న మేము కూడా, ఎప్పుడో ఊరి చెత్తంతా అక్కడ పోసేవాళ్ళు కాబోలు అనుకునేవాళ్ళం. పేరులోనే ఉంది కదా, ఇంక ఆలోచన ఎందుకు అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఆ మేడుకు ఎదురుగా మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లుంది, ఆమెను అడక్కుండా కుదరదన్నాను నేను.

పెద్దమ్మ అంటే మా నాన్నకు అన్నగారి భార్య. నేను ఆ వీధిలోనే పుట్టి ఆ వీధిలోకే కోడలిగా వెళ్ళాను కాబట్టి, ఆమె చేతి అన్నం నాకు ఎప్పుడూ దూరం కాలేదు. ఎనభై దాటింది. నడుము వంగినా గొంతు వంగలేదు. ఒకప్పుడు ఆ ఇంట్లో విత్తనం ఎప్పుడు చల్లాలన్నా, ఆవును ఎవరికి అమ్మాలన్నా ఆమె మాటే. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏమీ అడగరు. ఒకసారి కొళాయి కట్టేయడం మరిచిపోయింది. ఒకసారి మాత్రలు వేసుకుని మళ్ళీ వేసుకుంది. మనవణ్ణి, చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచింది. అప్పటి నుంచి ఆమె ఏం చెప్పినా కొడుకూ కోడలూ "సరి సరి" అని తల ఊపి తమ పని తాము చూసుకునేవాళ్ళు. ఆమె నోటి నుంచి వచ్చిన మాటను వాళ్ళు పసిపిల్లల మాటతో సమానం చేసేశారు.

మా అన్న, అంటే ఆమె కొడుకు, చెడ్డవాడు కాదు. మోటారు పంపులు బాగుచేసే షెడ్డు నడుపుతూ, బైపాసు అవతల మిగిలిన పొలంలో జొన్న వేస్తాడు. వదిన కూడా చెడ్డది కాదు. పొద్దున లేచినప్పటి నుంచి ఒక్క చేత్తో ఇల్లు ఈడ్చుకొచ్చే మనిషి. భయపడ్డారు, అంతే. గ్యాసు తెరిచి మరిచిపోతే ఏం గతి అని వాళ్ళ భయం. అవినాశిలో ఉన్న కూతురి దగ్గరికి పంపించేద్దామని మాట్లాడుకుంటున్నారు. అల్లుడు బనియన్ల కంపెనీలో పనిచేస్తాడు, ఫ్లాటు రెండో అంతస్తు, కూతురు పగలంతా ఇంట్లోనే ఉంటుంది. ఆడిమాసంలో, అంటే ఆషాఢంలో, పంపకూడదు కాబట్టి ఆడి పోయాక అనుకున్నారు.

పెద్దమ్మకు కూతురంటే ప్రేమ లేక కాదు. ఒక సాయంత్రం నేను వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని, చిన్నప్పటిలాగే కన్నూ అని ముద్దుగా పిలుస్తూ అంది. "పోయేదానికి నాకేమి కన్నూ, పోతాను. ఎద్దును అమ్మేటప్పుడు గూడా ఒకసారి దాని మొగం చూస్తారు గదా. నన్ను ఒక మాట అడిగినారా?" నాకు నోరున్న మాట నిజమే కాని అది అన్న ముందు అంతగా లేవదు.

అందుకే కుప్పమేడు వంక దొరకగానే పట్టుకున్నాను. ఊరందరి ముందూ పెద్దమ్మను అడిగించాలి. ఆమె చెప్పిన మాట ఊరు వినాలి. అది చూసైనా అన్నకు కాస్త గౌరవం పుట్టాలి. నా మనసులో ఉన్నది నిజానికి చెత్త కాదు.

సభ భజన కోవిల అరుగు మీద జరిగింది. మగవాళ్ళు ఒకవైపు, మేము ఒకవైపు, ముసలమ్మలు స్తంభాలకు ఆనుకుని ఒక వరుసలో కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ అంతా తమిళంలోనే చెప్పింది. వినేవాడుంటే అరవంలో హరికథ చెప్పాడని ఆంధ్రావాళ్ళు నవ్వుతారట. మేము పుట్టినప్పటి నుంచి వింటున్న హరికథలు అవే. మొదట ఆమె రైతుల సంగతి ఎత్తింది. బైపాసు పక్క రోడ్డు మీద జొన్నలు, మొక్కజొన్నలు ఆరబోస్తున్నారని, బండ్లు జారి పడుతున్నాయని, ఇకపై అది కూడదని చెప్పింది. ముసలమ్మల వరుసలో గుసగుస మొదలైంది. తర్వాత పొడి చెత్త సంగతికి వచ్చింది. ఏ రంగు పెట్టెలో ఏది వేయాలో బొమ్మలు చూపించింది. ముసలమ్మలు మాత్రం ఇంకా మొదటి మాట దగ్గరే ఉన్నారని నేను గమనించలేదు.

ఆమె ముగించి నా వైపు చూసింది. నేను లేచి అందరికీ వినపడేలా పెద్దమ్మను అడిగాను. "పెద్దమ్మా, మన వీధికి కుప్ప యాడ పెట్టేది? నువ్వే చెప్పు."

పెద్దమ్మ ముందు నమ్మలేదు. నన్నేనా అన్నట్టు అటూ ఇటూ చూసింది. తర్వాత కొంగు సర్దుకుంది. "యాడ పెడతారు కన్నూ? మేడు మీదనే. తాత ముత్తాత కాలం నుంచి కుప్ప ఆడనే గదా ఏసేది" అంది. స్తంభాల వరుసంతా తలలూపింది. ఇన్‌స్పెక్టరమ్మకు నేను తమిళంలో చెప్పాను. ఆమె చప్పట్లు కొట్టింది. ఎదురింటి పెద్దావిడే ఒప్పుకుంటే ఇంక అడ్డుచెప్పేది ఎవరు? మ్యాపు మీద చుక్క పడింది. నేను ఓరగా అన్న వైపు చూశాను. అతను ఆశ్చర్యంగా తల్లిని చూస్తున్నాడు. నాకు లోపల ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఆ తర్వాత కొన్నాళ్ళు పెద్దమ్మ నడకే మారింది. పాలు పోసే ఆమెకు, పూలమ్మే ఆమెకు, అందరికీ చెప్పింది, అధికారులొచ్చి తనను అడిగి పోయారని. వదిన కూడా నవ్వుకుంటూ వినేది.

ఆడిమాసం గాలి మొదలయ్యాక పెట్టెలు వచ్చాయి. పాలక్కాడు కనుమ నుంచి వచ్చే ఆ గాలి గురించి తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. ఉతికిన బట్ట ఆరేసి వెనక్కి తిరిగేలోగా పక్క వీధి చేరుతుంది. పచ్చ రంగు వేసిన జాలీ పెట్టెల్ని మేడు మీద దించి, సిమెంటు పోసి బిగించారు. పనులు ముగించుకుని చీకటి పడ్డాక జనం ఉత్సాహంగా తెచ్చి నింపారు. ఆ మరునాడు పొద్దున పెద్దమ్మ తలుపు తీసి బయటికి వచ్చి నిలబడిపోయింది. మేడు మీద పాల కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, థర్మాకోలు ముక్కలు. సగం పెట్టెల్లో, సగం గాలిలో. ఒక నల్ల కవరు వచ్చి ఆమె ముగ్గు మీదే పడిందట.

ఆమె అరిచిన అరుపుకు నేను మా ఇంట్లోంచి పరుగెత్తాను. వెళ్ళేసరికి వీధంతా అక్కడే ఉంది. "ఈ కంపును తెచ్చి మేడు మీద పోయమని ఎవురు చెప్పింది?" అని అడుగుతోంది. నువ్వే కదా అత్తా, ఊరందరి ముందూ నువ్వే చెప్పితివి కదా అని వదిన నెమ్మదిగానే అంది. ఆమె గొంతులో కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలే చెడగొట్టింది. పెద్దమ్మ ఒక్కొక్కరి మొహమూ చూసింది. నేను చెప్పలేదు అంది. చెప్పావు అన్నారు చుట్టూ నిలబడినవాళ్ళు. నేను వంగి ముగ్గు మీది కవరు తీయడంలో పడ్డాను. ఆమె చెప్పగా నా చెవులతో విన్నాను కదా.

అన్న ఆమెను చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయాడు. ఆ మధ్యాహ్నమే అవినాశికి ఫోను చేశారు. ఆడిమాసం దాటాక అనే మాట పోయి, ఈ శనివారం దాటాక అనే మాట వచ్చింది. అమ్మ స్థితి మనం అనుకున్నదానికన్నా చెడిందని అన్న చెల్లెలికి చెప్పాడు. వీధిలో కూడా అదే మాట. పాపం, చెప్పిన మాట చెప్పలేదంటోంది, మంచి మనిషి, ఇలా అయిపోయింది అని. గౌరవం సంపాదించిపెడదామని నేను చేసిన ఏర్పాటు ఆమె చేతిలో ఉన్నది కూడా ఊడ్చిపెట్టింది. నాకు ఏడుపొచ్చింది, దానికన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

మరుసటి రోజు వెళ్ళాను. ఆమె వెనక వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉంది. బయటికి కనపడే తలుపు మూసేసుకుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు తిరక్కుండానే అంది.

"నిజంగానే మరిచిపోతినేమో కన్నూ. వాళ్ళు చెప్పేదే సరేమో. నా తలకాయలో ఏమి జరగతా ఉందో నాకే తెలీలేదు."

ఆ మాట నన్ను కోసేసింది. ఆమె ఎప్పుడూ ఎవరి దగ్గరా ఓడిపోయి మాట్లాడింది లేదు. భర్త పోయిన రోజున కూడా, వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇచ్చారా అని అడిగిన మనిషి. అలాంటిది తన తలను తానే నమ్మడం మానేసింది. ఊరు నమ్మకపోవడం ఒక సంగతి. ఇది వేరే సంగతి.

ఆ రోజు ఏం జరిగిందో నీకు ఎంతవరకు గుర్తుందో చెప్పు అన్నాను. ఏదో ఒకటి మాట్లాడించాలని అడిగాను తప్ప నాకూ ఆశ లేదు. ఆమె మెల్లగా చెప్పింది. అధికారమ్మ గొడుగు నీలం రంగుది అంది. రోడ్డు మీద జొన్న ఆరబోసేది కూడదని చెప్పింది అంది. ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తర్వాత నువ్వు లేచి అడిగితివి అంది.

"కుప్ప యాడ పెట్టేది అంటివి. రోడ్డు మీద వద్దంటే ఇంక జొన్నకుప్ప మేడు మీదనే గదా ఏసేది? కోసుకొచ్చి ఆడనే కుప్ప ఏసి, ఆడనే నూర్చి, ఆడనే తూర్పార పడితిమి. అది చెప్తిని. ఆ జాలీ పెట్టెలు గూడా కంకులకే తెచ్చినారు అనుకొంటిని. కసువు తెచ్చి పోయమని నేను యాడ చెప్తిని?"

కుప్ప. ఆమె తెలుగులో కుప్ప అంటే పంట. కోసిన కంకులు పేర్చితే కుప్ప. ఊడ్చి పారేసేదాన్ని ఆమె తరం కసువు అంటుంది. మా తరం బడికి పోయి, తమిళం కుప్పైని ఇంటికి తెచ్చుకుని, చివర ఉన్న ఐ తీసేసి తెలుగు అనుకుంది. కసువు అన్న మాట నేను ఆఖరిసారి ఎప్పుడు అన్నానో కూడా నాకు జ్ఞాపకం లేదు. నేను చెత్త గురించి అడిగాను. ఆమె ధాన్యం గురించి చెప్పింది. ఇద్దరమూ తెలుగే మాట్లాడాం, ఇద్దరికీ అర్థమైందనే అనుకున్నాం.

అప్పటికప్పుడు అన్న షెడ్డుకు పోయి చెప్పాను. చేతులకు గ్రీజుతోనే విన్నాడు. విని, నువ్వు అమ్మ కట్చి, అమ్మ పక్షం మనిషివి కాబట్టి ఏదో ఒకటి కల్పిస్తున్నావన్నాడు. కుప్ప అంటే కుప్పే కదా, బోర్డు మీద కూడా అదే ఉంది కదా అన్నాడు. రోజూ తల్లితో మాట్లాడే మనిషికి తల్లి భాష రాదని ఎలా చెప్పను? చెప్పినా ఒప్పుకోవాలిగా. సరే, నన్ను నమ్మొద్దు, సాయంత్రం కోవిల దగ్గరికి మాత్రం రా అన్నాను. ఈసారి అన్న ముందు నా నోరు బాగానే లేచింది. ఇన్‌స్పెక్టరమ్మకూ ఫోను చేశాను. గాలికి ఎగిరిన కవర్ల మీద అప్పటికే ఆమెకు ఫిర్యాదులు వెళ్ళాయి, తనే వద్దామనుకుంటోందట.

ఆ సాయంత్రం మళ్ళీ అదే అరుగు. పెద్దమ్మను రమ్మంటే రానంది. బతిమాలి, దాదాపు మోసుకొచ్చినంత పని చేశాను. స్తంభాల వరుసలో తన చోట కూర్చుంది కాని తల ఎత్తలేదు. నేను ఆమెను ఏమీ అడగలేదు. ఆమె పక్కన ఉన్న ముసలమ్మల్ని అడిగాను. పోయిన సభలో పెద్దమ్మ మేడు మీద కుప్ప వేయమంటే మీరందరూ తలలూపారు కదా, దేనికి ఊపారు అని.

జొన్నకుప్పకు, ఇంక దేనికి, అంది మొదటి ఆమె, ఇదేం పిచ్చి ప్రశ్న అన్నట్టు. మొక్కజొన్న గూడా ఆడనే ఏయొచ్చని నేను అనుకొంటిని అంది రెండో ఆమె. ఆ చివర కూర్చున్న, చెవి సరిగా వినపడని ఆమె కూడా, ఈసారి నూర్పిడి మిషను మేడు మీదికి ఎక్కుతుందా అని అడిగింది. వాళ్ళందరూ ఆ పచ్చ పెట్టెల్ని చూసి, కార్పొరేషన్‌వాళ్ళు మన కుప్పకు అడ్డంగా చెత్త పెట్టారని తిట్టుకుంటూ ఉన్నారట. మాతో ఎందుకు చెప్పలేదంటే, మేము అడగలేదట.

అరుగు మీద నవ్వు మొదలైంది. వీధి సరిగ్గా వయసు దగ్గర రెండుగా చీలింది. ముసలివాళ్ళందరూ ధాన్యం విన్నారు, మిగతావాళ్ళందరూ చెత్త విన్నారు. ఇన్‌స్పెక్టరమ్మకు తమిళంలో విడమరిచి చెప్పేసరికి ఆమె నుదురు కొట్టుకుని నవ్వింది. తమ ఊళ్ళో కొబ్బరికాయలు పోసిన రాశిని ఎవరైనా కుప్పై అంటే తన తాత కొట్టేవాడంది. అన్న మాత్రం నవ్వలేదు. తల్లి వైపు చూస్తూ కూర్చున్నాడు. వదిన కొంగుతో మొహం తుడుచుకుంది.

నవ్వులు తగ్గాక నేను మళ్ళీ లేచాను. ఈసారి ఒక్కొక్క మాటా చూసి పలికాను. "పెద్దమ్మా, కుప్ప సంగతి వదిలెయ్. కసువు యాడ పెట్టాల?"

అందరూ ఎదురుచూశారు. ఇంతకుముందులా మాట అప్పుడే వచ్చేస్తుందని అనుకున్న నాకు భయం పట్టుకుంది. నిజంగానే ఈసారి ఏదైనా పొంతన లేని మాట అంటే? ఆమె మేడు వైపు చూసింది. గాలికి ఒక కవరు పెట్టె జాలీకి తగులుకుని కొట్టుకుంటోంది.

"కుప్పకు గాలి కావాల. గాలి లేకుంటే పొట్టు పోదు. అందుకే మేడు మీద ఏసేది. కసువుకు గాలి కూడదు" అంది. ఆగి, కొడుకు వైపు చూడకుండానే అంది. "మా ఇంటి పక్కగోడ కింద గాలి తగల్దు. బండి గూడా మేడు చుట్టుకొని ఆడికి వస్తాది. ఆడ పెట్టండి."

అది ఆమె ఇంటి గోడ. అంటే అన్న ఇంటి గోడ. ఆ గోడకు లోపలివైపు వదిన వంటిల్లు. నేనూ ఇన్‌స్పెక్టరమ్మా అన్ని సందులు తిరిగినా, ఏ ఒక్కరూ మా గోడ తీసుకోండి అన్నవాళ్ళు లేరు. ముసలామె మాట అని ఇప్పుడు దాటేయడం ఎంత సులువో అందరికీ తెలుసు. "సరి సరి" అంటే చాలు. వదిన మొహంలో రంగు పోయింది. అందరి కళ్ళూ అన్న మీద పడ్డాయి.

అన్న తల్లి వైపు తిరిగాడు. "అమ్మ చెప్పింది గదా" అన్నాడు. "పెట్టండి."

అంతే అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మకు ఆ మాట తెలుగులోనే అర్థమైంది.

సిమెంటు పగలగొట్టి పెట్టెల్ని దించడానికి కొన్నాళ్ళు పట్టింది. ఇన్‌స్పెక్టరమ్మ మ్యాపులో చుక్క చెరిపి మరో చుక్క పెట్టింది. బండి దారి కూడా కొంచెం మారింది. మేడు మీద ఈసారి జొన్న ఆరబోసుకోవచ్చని నోటిమాటగా చెప్పి వెళ్ళింది, రాతలో ఏమీ లేదు. శనివారం వచ్చింది, పోయింది. అవినాశి నుంచి కూతురు వచ్చి, తల్లితో రెండు పూటలు గడిపి, ఒక్కతే బస్సెక్కింది. పెద్దమ్మకు మతిమరుపు పోయిందని నేను చెప్పను. మాత్రలు ఇప్పటికీ వదినే చేతిలో పెడుతుంది. మనవడి పేరు ఇప్పటికీ తప్పుతుంది.

వదిన నాతో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆమెను తప్పుపట్టలేను. నా పుణ్యాన ఆమె వంటింటి పక్కకు వీధి చెత్తంతా వచ్చింది. ఈగలు రాకుండా ప్రతి సీసా కడిగి తెమ్మని, వచ్చిన ప్రతి మనిషినీ నిలబెట్టి చెప్పేది. నేను తెచ్చిన సంచిలో కూడా తొంగి చూసేది.

ఒక పొద్దున నేను పాత కాగితాలు పట్టుకుని వెళ్ళాను. పెద్దమ్మ గోడ నీడలో పీట వేసుకుని కూర్చుని ఉంది. వదిన ఇంట్లోంచి ఒక ప్లాస్టిక్ జల్లెడ తెచ్చింది. పిడి విరిగిపోయింది, ఒక పక్క చీలింది. ఏ పెట్టెలో వేయాలో వదినకు తెలుసు. వీధికంతా చెప్పేదే ఆమె. అయినా పెట్టెల దాకా పోలేదు. పెద్దమ్మ ముందు ఆగింది.

"అత్తా, ఇది దేంట్లో వెయ్యాల?" అని అడిగింది.

అడిగి, నిలబడింది. పొయ్యి మీద ఏదో ఉందని లోపలి నుంచి వాసన వస్తోంది. అయినా కదల్లేదు. పెద్దమ్మ జల్లెడను చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, వేలితో చీలికను తడిమి చూసింది.

"ఎందుకు పారేసేది? ఉండనీ. ఇంకా పనికొస్తాది" అంది.

అది దేనికీ పనికిరాదని ముగ్గురికీ తెలుసు. వదిన సరి సరి అనలేదు. జల్లెడను తీసుకుని మళ్ళీ లోపల పెట్టడానికి వెళ్ళింది.